అరువు బుగ్గ

పోయిన వారం మీరు నన్ను మా వంటింటి బల్ల దగ్గర, మూలుగుతూ పనిచేసే పాత లాప్‌టాప్ ముందు, నోరు తెరుచుకుని కూర్చున్న చోట వదిలేసి వెళ్ళారు. అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్దాం.

నా కుడి బుగ్గ మీద ఒక మచ్చ ఉంది. చెవి దగ్గర మొదలై పెదవి చివర దాకా, చిక్కటి టీ రంగులో, వంకర టింకర అంచులతో ఉంటుంది. బడిలో నన్నందరూ 'మ్యాపు' అనేవాళ్ళు. నాతో పాటే పుట్టింది, నాతో పాటే పెరిగింది. కానీ మా ఇంటి గోడల మీదున్న ఏ ఫొటోలోనూ అది కనపడదు. మా నాన్న తమ్ముడికి ఫొటో స్టూడియో ఉంది. మా ఇంట్లో ప్రతి ఫొటో ఆ బాబాయి తీసిందే, కంప్యూటర్లో ఆయన మెరుగులు దిద్దిందే. మచ్చ తీసేస్తాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ దాన్ని పెద్ద విషయం అనుకోలేదు. ఎలా తీసేస్తాడో మాత్రం నాకు పోయిన వారమే తెలిసింది.

కెమెరా పట్టుకోవడం మొదలెట్టాక, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన చిన్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి దింపుకున్నానని చెప్పాను కదా. అందులో క్లోన్ స్టాంప్ అని ఒక పనిముట్టు ఉంది. ఫొటోలో ఒక చోటి నుంచి కాస్త తీసి ఇంకో చోట అద్దుతుంది, అంతే దాని పని. అభ్యాసం కోసం మా పాత కుటుంబం ఫొటో ఒకటి తెరిచి, నా ముఖం దగ్గరికి జూమ్ చేశాను. నున్నటి బుగ్గ. చెవి కింద నువ్వుగింజంత పుట్టుమచ్చ. నాకక్కడ పుట్టుమచ్చ లేదు. అది మా అక్కది. పక్కనే నిలబడిన అక్క ముఖం మీద, సరిగ్గా అదే చోట, అదే గింజ ఉంది. ఇంకో ఫొటో తెరిచాను. దాంట్లోనూ అంతే. ఇన్నేళ్ళుగా నేను గోడల మీద మా అక్క బుగ్గ పెట్టుకుని నవ్వుతున్నానన్నమాట.

అప్పుడు తెరిచిన నోరు మర్నాడు పొద్దున స్టూడియో మెట్లెక్కేదాకా మూతపడలేదు. ఎక్కాక అస్సలు మూతపడలేదు.

మా బాబాయి స్టూడియో పెద్దదేమీ కాదు. ముందు గదిలో గాజు బల్ల, దాని వెనక ప్రింట్లు తీసే పెట్టె. లోపలి గదిలో నీలం తెర, గొడుగు లైట్లు, ఒక ఎత్తు స్టూలు. గోడకి అద్దం, అద్దానికి తాడుతో వేలాడే దువ్వెన. ఆ దువ్వెన పోతుందని కాదు, ఎవరైనా పొరపాటున జేబులో పెట్టుకుపోతే వెనక్కి అడగటానికి బాబాయికి మొహమాటం, అందుకని తాడు. ఈ మధ్యే ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, మేకప్ కుర్చీలో వెనక్కి వాలి, కదలకుండానే స్టూడియో అంతా నడిపిస్తున్నాడు. ఓ మూల ఫ్రేముల మావయ్య కోసిన చెక్కలకి మేకులు కొడుతున్నాడు. వరసకి మావయ్యేమీ కాడు, ఊరంతా అలాగే పిలుస్తారు. మేకులన్నీ నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడుతుంటాడు కాబట్టి ఆయన మాట సగమే అర్థమవుతుంది. కొడుతున్న ఫ్రేము మనిషెత్తు ఉంది. సాయంత్రం నానమ్మ ఎనభయ్యో పుట్టినరోజు. హాలు గుమ్మంలో ఆ ఫ్రేము నిలబెడతారు. అందులో పెట్టే ఫొటో నేను తీశాను, నానమ్మ పక్కన నేనూ ఉన్నాను.

నా జీవితంలో నాకిచ్చిన మొదటి అసలైన పని అది. బాబాయి కళ్ళు బాగుంటే నాకు దక్కేది కాదని నాకు తెలుసు. అయినా దక్కింది.

"ఫైలు తెచ్చావా చిట్టీ?" అన్నాడు బాబాయి, నా అడుగుల చప్పుడు విని.

"తెచ్చాను."

"బుగ్గ పెట్టావా?"

కూరలో ఉప్పేశావా అన్నంత మామూలుగా అడిగాడు.

"పెట్టలేదు."

"మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. గుర్తుంది కాబట్టే పెట్టలేదు."

మూల సుత్తి చప్పుడు ఆగింది. బాబాయి కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, దాని పైనుంచి నన్ను చూశాడు. కన్ను ఇంకా ఎర్రగానే ఉంది.

"చూడమ్మా, ఇది నీ సెల్ఫీ కాదు. మా అమ్మ పుట్టినరోజు. గుమ్మంలో మనిషెత్తు ఫొటో. వచ్చినవాళ్ళందరూ ముందు దాన్నే చూస్తారు."

"చూడనీ. తర్వాత లోపలికొచ్చి నన్నూ చూస్తారుగా. గుమ్మంలో అక్క బుగ్గ, లోపల నా బుగ్గ. ఎవరు ఎవరో తేల్చుకోలేక బుర్ర బద్దలు కొట్టుకుంటారు."

ఫ్రేముల మావయ్యకి నవ్వొచ్చింది. నోట్లో మేకులున్నప్పుడు నవ్వకూడదు. దగ్గి, మేకులన్నీ అరచేతిలోకి ఊసుకున్నాడు.

అక్క బుగ్గ అనేసరికి బాబాయి తల ఒక్క పిసరు పక్కకి తిరిగింది. ఆయన్ని అక్కడితో వదలదలుచుకోలేదు. లాప్‌టాప్ గాజు బల్ల మీద పెట్టి, పాత ఫొటో తెరిచి, పుట్టుమచ్చ దగ్గరికి జూమ్ చేసి ఆయన ముందుకి తిప్పాను.

"ఇది ఎవరిది బాబాయ్?"

ఆయన కుర్చీలోంచి ముందుకి వంగాడు. చూడకూడదని డాక్టరు చెప్పింది కూడా మర్చిపోయి, ముక్కు స్క్రీన్‌కి ఆనేంత దగ్గరగా పెట్టి చూశాడు. తిడతాడనుకున్నాను. ఆయన మాత్రం, పట్టుబడ్డ మనిషిలా కాకుండా, కుట్టిన చొక్కాకి గుండీ వంకర పడిందని తెలుసుకున్న దర్జీలా ముఖం పెట్టాడు.

"ఎలా వదిలేశానబ్బా," అని గొణిగాడు. "అప్పటికి నాకు మౌస్ కొత్త."

"ఆ తర్వాత ఫొటోల్లో కూడా ఉంది. తర్వాత్తర్వాత మౌస్ పాతబడింది కదా?"

"నోరు మూసుకో."

"అదొక్కటీ నువ్వు నేర్పలేదు బాబాయ్."

నిజానికి ఆయన నాకు నేర్పింది చాలా ఉంది. లైటు ఎటు నుంచి వస్తుందో ముందు చూడు, మనిషిని తర్వాత చూడు అన్నది ఆయనే. కెమెరా పట్టుకుంటే మోచేతులు పక్కటెముకలకి ఆనించమన్నదీ ఆయనే. ఎడిటింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ కంప్యూటర్ ముందు నన్ను కూర్చోనివ్వలేదు. 'నీకెందుకు, లైట్లు సర్దు' అనేవాడు. అందుకే ఇంట్లో ఆ చిన్న సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ మొదలుపెట్టాను. దాన్ని ఆయన బొమ్మల సాఫ్ట్‌వేర్ అంటాడు. తెరవగానే మూలన ఒక పెన్సిలు బొమ్మ కన్నుకొట్టి 'ఈరోజు చిట్కా' అంటుంది, అది నిజమే. మొదట్లో నేను చేసినవీ ఘోరాలే. పక్కింటి పసివాడి ఫొటోకి రంగులు పెంచీ పెంచీ పట్టుకెళ్తే బాబాయి చూసి, "వీడికి కామెర్లా?" అని అడిగాడు. టైలరు అత్త ముఖం మీద ముడతలన్నీ తుడిచేస్తే, ఆవిడ మొగుడు ఫొటో అటూ ఇటూ తిప్పి, ఈవిడెవరో బాగుంది, మనకి చుట్టమా అన్నాడట. ఆ దెబ్బతో టైలరు అత్త నాతో మాట్లాడటం మానేసింది.

కానీ నేర్చుకున్నాను. రోజుకొక పెన్సిలు చిట్కా చొప్పున నేర్చుకున్నాను. ఎంత తియ్యాలో కాదు, ఎక్కడ ఆగాలో తెలియడమే ఈ పనంతా అని నాకు నేనుగా తెలుసుకున్నాను. నానమ్మ ఫొటోలో కిటికీ వైపు ముఖం వెలిగిపోయి, ఇటువైపు చీకటి పడింది. ఆ చీకట్లోంచి ముఖం పైకి వచ్చేదాకా నీడల్ని కొంచెం కొంచెం తేల్చాను. వంకరపోయిన తలుపు గీతని నిలబెట్టాను. గోడ మీద వేలాడుతున్న వైరు తీసేశాను. వైరు ఎవరి ముఖమూ కాదు కాబట్టి తీసేసినా పాపం లేదు. నానమ్మ ముడతల జోలికి పోలేదు. పోతే చేతులు విరగ్గొడతానని ఆవిడ ముందే చెప్పింది. "ఎనభై ఏళ్ళు పట్టింది ఇవి తెచ్చుకోవడానికి" అని కూడా అంది. టైమర్ పెట్టి పరుగెత్తుకొచ్చి నేను ఆవిడ ఎడమ పక్క నిలబడబోతే చెయ్యి పట్టి కుడి పక్కకి లాగింది. "ఇటు నిలబడు. నీ ముఖం కనపడాలి" అంది. ఇటు నిలబడితే కెమెరాకి కనపడేది నా మచ్చే. అది ఆవిడకి తెలుసు.

ఆ మాట బాబాయికి చెప్పాను.

"మా అమ్మకి చూపు సరిగా ఆనదు," అన్నాడు.

"నీకూ ఆనట్లేదుగా. అలాంటప్పుడు నీ మాటెందుకు వినాలి?"

"ఎందుకంటే స్టూడియో నాది!" కుర్చీ చేతి మీద గట్టిగా చరిచాడు. "నా పేరు మీద బయటికెళ్ళే ఫొటో ఎలా ఉండాలో నేను చెప్తాను. ఇష్టమైతే బుగ్గ పెట్టి ఇవ్వు. లేదా ఫైలు అక్కడ పెట్టి వెళ్ళు, ఒంటికన్నుతోనైనా నేనే పెట్టుకుంటా. రేపట్నుంచి నువ్వు లైట్లు సర్దడానికి కూడా రానక్కర్లేదు."

అదీ సంగతి. ఆ స్టూడియో తప్ప నాకు వేరే చోటు లేదు. అక్కడి కెమెరాతోనే ఫొటోలు తీస్తున్నాను, అక్కడి లైట్ల కిందే నేర్చుకుంటున్నాను. ఎప్పటికైనా ఆ గాజు బల్ల వెనక కూర్చోవాలన్నదే నా ఆశ, ఆయనకీ ఆ సంగతి తెలుసు. అయినా కోపం ఆ ఆశ కంటే పెద్దదిగా ఉంది.

"రాను," అన్నాను. "కానీ ఆ ఫొటోలో నువ్వు అక్క బుగ్గ పెడితే, హాలు గుమ్మంలో దాని పక్కనే నేను నిలబడతాను. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ పుట్టుమచ్చ చూపించి, ఇది మా అక్కది, అసలైనది ఇదిగో అని నా ముఖం చూపిస్తాను. పుట్టినరోజు నానమ్మదో నా బుగ్గదో తెలియకుండా పోతుంది. నీ ఇష్టం."

"మొండిఘటం. ఎవరి పోలికో!"

"ఏం చేశాను బాబాయ్ నేను? నా మచ్చ నిన్నేం చేసింది? పసిపిల్ల ముఖం మీద పూత పూయాలని నీకెలా అనిపించింది? అంత అసహ్యంగా ఉన్నానా?"

ఆ చివరి మాట అడగాలనుకోలేదు. వచ్చేసింది.

బాబాయి కళ్ళజోడు తీసేశాడు. గొంతు తగ్గించి, "అందం కోసం చేశాననుకున్నావా?" అన్నాడు.

"మరెందుకు?"

బాబాయి నోటిదాకా వచ్చిన మాటని మింగేసి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఫ్రేముల మావయ్య చెక్క పొడి ఊడవడం మొదలుపెట్టాడు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు.

ఇందులో మచ్చని మించినదేదో ఉందని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే. అనిపిస్తే వదిలే రకం కాదు నేను.

"నాకు అసలు ఫొటో కావాలి," అన్నాను. "నాలుగేళ్ళప్పటిది. నేనున్న ఫొటోల్లో మొదటిది అదేగా. చిన్నప్పటి నా ముఖాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అద్దంలో చూసుకున్నానేమో, గుర్తులేదు. ఫొటోలో మాత్రం చూడలేదు. ఒక్కసారి చూపించు, వెళ్ళిపోతా."

ఆ ఫొటో మా ముందుగదిలో ఉంటుంది. వెనక ఇదే నీలం తెర. మధ్యలో నానమ్మ, వెనక అమ్మా నాన్నా, ముందు అక్క, ఆ చివర నేను. అందులో నా తల ఒక పక్కకి వాలి ఉంటుంది, ఎవరూ లేని వైపుకి. ఇంటికి ఎవరొచ్చినా ఆ ఫొటో చూసి, 'ఇదేంటే, గాలికి ఆనుకున్నావు?' అని నవ్వేవాళ్ళు. మాకది పాత జోకు.

"అది లేదు," అన్నాడు బాబాయి.

"అదేంటన్నయ్యా," అన్నాడు ఫ్రేముల మావయ్య, నోట్లో మేకులు లేవు కాబట్టి స్పష్టంగా. "నువ్వు అసలుదాన్ని ఎప్పుడు చెరిపావు? పైన లేయర్ అని ఇంకో పొర వేసి దాని మీద పని చేస్తావు కానీ కింద ఉన్నదాన్ని ముట్టుకోవుగా. ఆ అల్మారా నిండా హార్డ్‌డిస్కులు అందుకేగా."

బాబాయి చూసిన చూపుకి మావయ్య మళ్ళీ మేకులు నోట్లో పెట్టేసుకున్నాడు.

"ఉన్నా లాభం లేదు," అన్నాడు బాబాయి. మళ్ళీ పాత ధీమా వచ్చింది గొంతులోకి. "అది మన స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైలు. నీ బొమ్మల సాఫ్ట్‌వేర్ దాన్ని చూసి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంటుంది. నా కంప్యూటర్ ముందు ఎలాగూ నిన్ను కూర్చోనివ్వను. ఇక పద."

అప్పుడే అమ్మ వచ్చింది. బాబాయి కంట్లో వేసే చుక్కల మందు పట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలి గాలి వాసన పట్టినట్టుగా ఒకసారి ఇద్దరి ముఖాలూ చూసింది. మా అమ్మ తగవులకి భయపడే మనిషి. చిన్నప్పుడు నేనూ అక్కా జుట్లు పట్టుకుంటే మధ్యలోకి వచ్చి ఎప్పుడూ ఒకటే మాట అనేది. "నాకు తోబుట్టువులెవరూ లేరు. ఒక్కదాన్నే పెరిగాను. ఆ బాధ మీకేం తెలుసు?" ఆ మాట అనగానే మేం జుట్లు వదిలేసేవాళ్ళం.

"మళ్ళీ ఏం చేశావే?" అంది నన్నే.

"నా ముఖం నాకు కావాలన్నాను."

"వదినా, నువ్వైనా చెప్పు దీనికి," అన్నాడు బాబాయి.

"పోనీలేవే," అంది అమ్మ. "ఒక్క సాయంత్రం. పెద్దావిడ పండగ లాంటి రోజు. ఇన్నేళ్ళూ లేనిది ఇవాళే..."

"ఇన్నేళ్ళూ నాకు చేతకాలేదమ్మా. ఇవాళ చేతనైంది."

అమ్మ చుక్కల సీసా మూత తీసి, "తల వెనక్కి వాల్చండి మరిదిగారూ," అంది. బాబాయి వాల్చాడు. అమ్మ చుక్కలు వేసింది. ఆ మందు వేశాక కాసేపు కళ్ళు తెరవకూడదు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

అల్మారా తలుపు కిర్రుమనకుండా తీశాను. డిస్కుల మీద బాబాయి గుండ్రటి రాతలో సంవత్సరాలు రాసున్నాయి. నేను నాలుగేళ్ళదాన్నైన సంవత్సరం డిస్కు, లెన్సులు తుడిచే పసుపు గుడ్డలో చుట్టి వెనక వరసలో ఉంది. మిగతా వాటికి గుడ్డ లేదు. దాన్ని తెచ్చి నా లాప్‌టాప్‌కి వైరుతో తగిలించాను. ఫ్రేముల మావయ్య చూశాడు. చూసి, తన చెక్క వైపు తిరిగిపోయాడు.

డిస్కు గిర్రుమంది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు బాబాయి, కళ్ళు మూసుకునే.

"నీ డిస్కు."

"చిట్టీ!"

"తెరుచుకోదన్నావుగా. తెరుచుకోకపోతే నీకొచ్చిన నష్టమేంటి?"

ఫైలు దొరికింది. నొక్కాను. లాప్‌టాప్ ఫ్యాను రొద పెట్టింది. తెర మీద పెన్సిలు బొమ్మ ప్రత్యక్షమైంది. 'ఈ ఫైలు వేరే సాఫ్ట్‌వేర్‌లో చేసినది. కొన్ని సరిగా కనిపించకపోవచ్చు. అయినా తెరవమంటారా?' అని అడిగింది. దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. తెరవమన్నాను.

నీలం తెర కనపడింది. నానమ్మ, అమ్మ, నాన్న, అక్క, గాలికి ఆనుకున్న నేను. పక్కనున్న పట్టీలో లేయర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మా బాబాయి పద్ధతి గల మనిషి, వాటికి పేర్లు పెట్టాడు. పైది 'బుగ్గ'. దాని కిందది 'తెర'. అన్నిటికన్నా కింద 'అసలు'. ఒక్కో పేరు పక్కనా చిన్న కన్ను గుర్తు. దాన్ని నొక్కితే ఆ లేయర్ మాయమవుతుంది, కింద ఉన్నది బయటపడుతుంది. నాకు పెన్సిలు చెప్పిన మొట్టమొదటి చిట్కాల్లో అదొకటి.

"తెరుచుకుంది బాబాయ్," అన్నాను.

బాబాయి కళ్ళు తెరిచేశాడు. మందు చెంపల మీదుగా కారిపోతున్నా తుడుచుకోలేదు. "వదినా, దాన్ని ఆపు," అన్నాడు. అమ్మ చుక్కల సీసా పట్టుకుని నా వెనకాలే నిలబడి ఉంది. ఆమెకి ఏది ఆపాలో కూడా అర్థం కాలేదు.

'బుగ్గ' పక్కనున్న కన్ను నొక్కాను.

నా మచ్చ వచ్చింది. నాలుగేళ్ళ ముఖం మీద, టీ రంగులో, చెవి నుంచి పెదవి దాకా. ఎంత ముద్దుగా ఉన్నానో! నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంత బాగున్న పిల్లని ఎందుకు దాచారు అని అరవడానికి నోరు తెరిచాను. అప్పుడు చూశాను.

మచ్చ మీద నాలుగు వేళ్ళు ఉన్నాయి.

నావి కావు. పెద్దవాళ్ళవి. నా బుగ్గని ముద్దుగా పట్టుకున్న వేళ్ళు. చూపుడు వేలికి చిన్న బ్యాండేజీ పట్టీ చుట్టి ఉంది. వేళ్ళున్నాయి కానీ వాటి వెనక చెయ్యి లేదు. నా ముఖం అంచు దగ్గర వేళ్ళు ఆగిపోయి, ఆ పక్కంతా నీలం తెరే ఉంది.

అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. బాబాయి అప్పుడు దాచింది నా మచ్చని కాదు. ఆ వేళ్ళని. వేళ్ళు కనపడకూడదని అక్క బుగ్గ తెచ్చి అతికించాడు, వేళ్ళతో పాటు మచ్చా పోయింది. మొదటి ఫొటోలో లేని మచ్చ రెండో ఫొటోలో కనపడితే, మరి మొదటిదాంట్లో ఏమైందని ఎవరైనా అడుగుతారు. అలా అడక్కుండా ఉండటానికి రెండో ఫొటోలో తీశాడు. దాని కోసం మూడోదాంట్లో. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి నా ముఖాన్ని ఇన్నేళ్ళూ తుడుస్తూ వచ్చాడు.

"చిట్టీ." బాబాయి గొంతు ఎప్పుడూ వినని గొంతులా ఉంది. లేచి వచ్చి, గాజు బల్లకి అటుపక్క నిలబడ్డాడు. "విను. నానమ్మ ఫొటో నీ ఇష్టమొచ్చినట్టే వేసుకో. మచ్చతోనే వెయ్యి. నేను అడ్డు రాను. రేపట్నుంచి ఆ కంప్యూటర్ ముందు నువ్వే కూర్చో. స్టూడియోలో నీ మాటే చెల్లుతుంది. ఇది మాత్రం మూసెయ్యమ్మా. ఆ రెండోదాన్ని ముట్టుకోకు."

నేను దేనికోసం మెట్లెక్కానో అదంతా అరచేతిలో పెట్టేశాడు. నా ముఖం, నా పని, ఆ గాజు బల్ల వెనక కుర్చీ. ఒక్క కన్ను గుర్తు నొక్కకుండా ఉంటే చాలు. ఆశపడలేదని చెప్పను. ఆశపడ్డాను. ఆ కంప్యూటర్ వైపు ఒకసారి చూశాను కూడా.

తర్వాత ఆ వేళ్ళని చూశాను. ఇన్నేళ్ళుగా నా ముఖంతో పాటే తుడిచేసిన వేళ్ళు. నా ముఖాన్ని వెనక్కి తీసుకుని వాటిని అక్కడే వదిలేయాలట.

"నానమ్మ ఫొటో మచ్చతోనే వెళ్తుంది బాబాయ్," అన్నాను. "అది నువ్వు ఇచ్చేది కాదు. నాదే. బేరానికి ఇంకేదైనా తెచ్చుకో."

"వదినా," అన్నాడు బాబాయి. ఈసారి ఆజ్ఞ కాదు, బతిమాలడం. "నువ్వు బయటికెళ్ళు వదినా."

అమ్మ కదలలేదు. నా భుజం మీదుగా వంగి ఆ వేళ్ళనే చూస్తోంది. బ్యాండేజీ పట్టీ చుట్టిన వేలిని. ఆమె ఊపిరి నా చెవికి తగులుతోంది.

"అమ్మా, నొక్కనా?" అన్నాను.

బాబాయి చెయ్యి డిస్కు వైరు వైపు వచ్చింది. అది అందేలోపు నేను నొక్కేశాను.

'తెర' పోయింది.

నా పక్కన ఒకామె నిలబడి ఉంది. పసుపు చుడీదారు, భుజాల దాకా జుట్టు. ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆమె ఒక్కతే నన్ను చూస్తూ, నా బుగ్గ పట్టుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. నా తల ఆమె నడుముకి ఆనించి ఉంది. నేను ఆనుకున్నది గాలికి కాదు.

ఆమెని నేను ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ నవ్వు రోజూ చూస్తాను, ఇంట్లో, మా అమ్మ ముఖంలో.

చుక్కల సీసా కిందపడి పగిలింది. ఎవరూ వంగలేదు. బాబాయి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. నాకు తోబుట్టువులెవరూ లేరని, ఒక్కదాన్నే పెరిగానని చెప్పి మా చేత జుట్లు వదిలించిన మా అమ్మ, వేలు ముందుకి చాపి ఆ పసుపు చుడీదారుని తాకింది.

"అక్కా," అంది.